మేడ కట్టిన కారు

కారు నెత్తిన ఏం పెట్టాలన్న విషయం మీద మా ఇంట్లో వేసవి సెలవుల్లో మొదలైన చర్చ దీపావళి దాటాక గాని ఒక కొలిక్కి రాలేదు. ఇందులో నా తప్పు గాని, మా అత్తగారి తప్పు గాని లేదు. మా ఆయన భానోజీరావుగారు విజయనగరంలో ట్రెజరీ ఆఫీసు సూపరింటెండెంటు. వచ్చిన ప్రతి బిల్లు మీదా ఒక అభ్యంతరం రాసి వెనక్కి పంపడం ఆయన ఉద్యోగం. ఆ అభ్యంతరానికి జవాబు వస్తే, ఆ జవాబు మీద ఇంకో అభ్యంతరం రాయడం ఆయన ప్రతిభ.

అరకులోయలో వలిసె పూలు చూడాలని నాకు పెళ్ళికి ముందు నుంచీ కోరిక. కార్తీకం వచ్చేసరికి కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుందని వినడమే గాని కళ్ళారా చూసింది లేదు. ఆ పూత ఎవరి కోసమూ ఆగదు. ఏటా మేము వెళ్దామనుకోవడం, ఈయన ఏదో ఒకటి తేల్చుకోలేకపోవడం, ఈలోగా అక్కడ పూత రాలి గింజ కట్టడం. ఈ ఏడు మా హరిణి ఏడో తరగతికి వచ్చింది, సైకిలు బాగా తొక్కుతోంది. పూల మధ్య నుంచి ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్ళాలని తల్లీకూతుళ్ళం ఒట్టేసుకున్నాం.

రెండు సైకిళ్ళు, నలుగురు మనుషులు, దుప్పట్లు, చలికోట్లు, మా అత్తగారి గ్యాస్ స్టవ్వు. ఆవిడ బయటి నీళ్ళతో కాచిన టీ అయినా ముట్టరు. ఇవన్నీ మా చిన్న కారులో పట్టవు.

"పైన పట్టా కప్పి తాడేసి కట్టేద్దాం. మా నాన్న పరుపులతో సహా అలాగే తీసుకెళ్ళేవాడు" అన్నాను.

"తాడు సాగుతుంది" అన్నారు ఆయన. చర్చ అక్కడ మొదలైంది.

ఇనప క్యారియరైతే వాన పడుతుంది. గుడ్డసంచీ అయితే ఎవడైనా బ్లేడుతో కోస్తాడు. సైకిళ్ళు పైన పెడితే చెట్టుకొమ్మలు తగులుతాయి, డిక్కీకి పట్టీలతో వేలాడదీస్తే రంగు పోతుంది, వెనక ర్యాక్ బిగిస్తే నంబరు పలక కనపడదు. ఆయన లుంగీ కట్టుకుని టేపు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ ఉంటే, వీధిలో వాళ్ళు కారు అమ్మేస్తున్నామేమో అనుకుని బేరానికి వచ్చారు. చివరికి తాళం వేసుకునే నల్లటి ప్లాస్టిక్ బాక్సు ఒకటి పైన, సైకిళ్ళకి ఇనప ర్యాకు ఒకటి వెనక, ఆ ర్యాకుకి మరో నంబరు పలక. అన్నీ బోల్టులేసి బిగించారు.

మా అత్తగారు అప్పలనరసమ్మగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు.

"ఏట్రా భానోజీ, పడవ బోర్లించినట్టుంది. చంపావతికి వరదొచ్చిందేట్రా?"

"వాన చుక్క దిగదమ్మా లోపలికి."

"కార్తీకంలో వానేట్రా నీ మొహం!"

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. చీకటిలోవ దగ్గర ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అక్కడ రోడ్డుకి అడ్డంగా కొత్తగా ఒక వెదురు వాసం, పక్కన రేకుల షెడ్డు, దాని మీద "ఘాట్ సౌందర్య భద్రతా పరిరక్షణ సంస్థ" అని షెడ్డు కంటే పొడుగైన బోర్డు ఉన్నాయి. కింద ఒకటే నిబంధన: "వాహనముల పైకప్పులపై తాత్కాలిక సామగ్రి ఉంచుట నిషిద్ధము."

వాసం దగ్గరున్న పైడిరాజు అనే కాపలామనిషి వచ్చి కిటికీలోకి వంగాడు.

"నెత్తిమీద ఆ డబ్బా ఏటి బాబూ? కుసింత దించీసి లోపలెట్టుకోండి, ఎల్లిపోదురు గాని."

బోల్టులు విప్పి దించేసి, లోపలి సామాను ఒళ్ళో పెట్టుకుంటే అయిపోయేది. నేను తలుపు తీశాను కూడా. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"మీ బోర్డులో తాత్కాలిక సామగ్రి అని ఉంది. ఇది తాత్కాలికం కాదు" అన్నారు.

పైడిరాజుకి ఆ మాట అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా వస్తే లోపలికి చెప్పమని అతనికి ఆదేశం. షెడ్డులోంచి పర్యవేక్షణాధికారి విశ్వేశ్వరంగారు వచ్చారు. సన్నటి మనిషి. చొక్కా జేబులో మూడు రంగుల కలాలు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"తమ వాహనము శిరోభాగమున ఒక వస్తువు గోచరించుచున్నది. దానిపై తమ వివరణ?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన ఇతరులని అడుగుతున్న ప్రశ్న అది. దానికి జవాబు చెప్పే అవకాశం ఇంతకాలానికి వచ్చింది.

"బోల్టులతో బిగించాం సార్. ఇది శాశ్వతం."

"శాశ్వతము!" విశ్వేశ్వరంగారు ఎర్ర కలం తీశారు. "మూత కలదా?"

"ఉంది."

"అనగా పైకప్పు కలదు. తెరచుటకు, మూయుటకు వీలున్నదా?"

"ఉంది."

"అనగా తలుపు కలదు. తాళము?"

"తాళం కూడా ఉందండి."

"పైకప్పు, తలుపు, తాళము కలిగి, ఒక దానిపై మరొకటిగా శాశ్వత ప్రాతిపదికన నిర్మింపబడిన దానిని ఏమందురు?"

మా ఆయన ఆలోచనలో పడ్డారు. హరిణి వెనక సీట్లోంచి "డబ్బా" అంది.

"మేడ అందురు" అన్నారు విశ్వేశ్వరంగారు. "పంచాయతీ అనుమతి లేని మేడను ఘాట్‌లోనికి అనుమతించలేము."

"కారు మీద మేడేమిటండీ, విడ్డూరం కాకపోతే!" అన్నాను.

"ఉండు సుభా" అన్నారు మా ఆయన. "ఆయన చెప్పినదాంట్లో పాయింటుంది."

నా పేరు సుభాషిణి. ఆ క్షణంలో నేను భాషించాలనుకున్నవి చాలా ఉన్నాయి. పిల్ల ఉంది కదా అని ఊరుకున్నాను.

పంచాయతీ కార్యదర్శి కుసుమకుమారి స్కూటరు మీద వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మూడు ఊళ్ళకి ఆవిడ ఒక్కతే కార్యదర్శి. తిండి తినకుండా వచ్చింది, చిరాగ్గా ఉంది.

"మేడంటే కింద ఇల్లుండాలి కదండీ?" అంది.

"క్రింది భాగమున నలుగురు కుటుంబసభ్యులు కలరు. ఆసనములు కలవు. గవాక్షములు కలవు" అన్నారు విశ్వేశ్వరంగారు.

"వంట?"

"స్టవ్వుందమ్మా, మనింట్లో స్టవ్వుండదేటి?" అన్నారు మా అత్తగారు, తనని ఎవరో తక్కువ చేసినట్టు. "పులిహోర కూడా ఉంది. తినలేదా నువ్వు? మొహం పీక్కుపోయింది, రా, కూకో."

దాంతో అది నివాసయోగ్యమని తేలిపోయింది. కుసుమకుమారి పులిహోర తింటూ మిగతా విచారణ పూర్తిచేసింది. వెనక పొడుచుకొచ్చిన సైకిళ్ళ ర్యాకు ఏమిటంది. మడిచే వీలుందని మా ఆయన ఉత్సాహంగా మడిచి చూపించారు. "మడత వసారా" అని రాసుకుంది. ఇరుగుపొరుగుల అభ్యంతరాలు విచారించాలంది. మాకు ఎడమవైపు టీకొట్టు, కుడివైపు మురుక్కాలవ, వెనక ఒక లారీ. టీకొట్టు రాములమ్మ, "నాకేటి బాధ? నాలుగిళ్ళుంటేనే గదా నాలుగు టీలు సెల్లేది" అంది. లారీ డ్రైవరు తనకి అభ్యంతరమేమీ లేదనీ, మేము పక్కకి తప్పుకుంటే మాత్రం చాలా సంతోషమనీ చెప్పాడు. అతని కోసం కారుని రోడ్డు మార్జిన్లోకి జరిపాం.

సాయంత్రానికి కారు తలుపు మీద ఎర్రరంగుతో ఇంటినంబరు పడింది. రంగు ఆరేదాకా కుసుమకుమారి అక్కడే ఉండి, మా ఆయనకి చెయ్యి కలిపి, "కంగ్రాట్స్ అండి, ఈ ఊళ్ళో ఇంత తొందరగా ఎవరికీ ఇల్లు శాంక్షన్ అవ్వలేదు" అని స్కూటరెక్కింది.

"చూశావా? పద్ధతి ప్రకారం వెళ్తే అన్నీ అవుతాయి" అన్నారు మా ఆయన నాతో. అందరం కారెక్కాం. హరిణి చప్పట్లు కొట్టింది. ఇంజను స్టార్టయింది. విశ్వేశ్వరంగారు పరుగున వచ్చి బానెట్ మీద చెయ్యి వేశారు.

"ఎచ్చటికి?"

"అరకండి. అనుమతి వచ్చింది కదా."

"ఇంటితో సహానా?"

మా ఆయన ఇంజను ఆపారు.

"భానోజీరావుగారూ, తమరు విజ్ఞులు. తాము ఇప్పుడు కూర్చున్నది స్థిరాస్తి. స్థిరముగా నుండుటయే దాని లక్షణము. కదిలినచో సర్వే నంబరు మారును. సరిహద్దులు మారును. మురుగుకాలువ కుడివైపున ఉండవలసినది ఎడమకు వచ్చును. అప్పుడు కుసుమకుమారిగారి ఉద్యోగము ఏమి కావలెను?"

అదే సమయంలో మా పక్కనుంచి ఒక జీపు వచ్చింది. లోపల మనుషులు, వెనక వేలాడుతూ మనుషులు, నెత్తిమీద ఉల్లిపాయ బస్తాలు, బస్తాల మీద మనుషులు, వాళ్ళ ఒళ్ళో మేకపిల్లలు. పైడిరాజు వాసం ఎత్తాడు. జీపు మూలుగుతూ ఘాట్ ఎక్కింది.

"మరి దాని సంగతేమిటండీ?" అన్నాను, ఆవేశం ఆపుకోలేక.

విశ్వేశ్వరంగారు నా వైపు జాలిగా చూశారు. "అమ్మా, బస్తాల గురించి అడిగితిమి. అవి ఆసనములని చెప్పిరి. ప్రయాణికులు సామగ్రి క్రిందకు రారు. మేకలు శాశ్వతము కావు, తాత్కాలికము కావు. వాటికి నిబంధన లేదు."

ఆ సాయంత్రం చీకటిలోవ ఆడవాళ్ళందరూ కొత్త ఇల్లు చూడ్డానికి వచ్చారు. పసుపూ కుంకాలు కూడా తెచ్చారు. నంబరు పడ్డ ఇంట్లో పాలు పొంగించకుండా పడుకోకూడదని మా అత్తగారు పట్టుబట్టి, స్టవ్వు బానెట్ మీద పెట్టి పాలు పొంగించారు. తూర్పు ముఖమే వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. అత్తాకోడళ్ళం ఇద్దరం పిల్లతో రాములమ్మ కొట్టు వెనక గదిలో పడుకున్నాం. మా ఆయన "ఇంట్లో" పడుకున్నారు. యజమాని లేకపోతే ఖాళీ ఇల్లని రాసేస్తారట.

తెల్లారి లేచి చూస్తే ఆయన స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నారు.

"పైవాళ్ళని వివరణ కోరుతున్నా. ఇల్లు కదలకూడదన్నది సరే, రోడ్డు మార్జిన్లో ఇల్లు ఉండొచ్చా అన్నది వీళ్ళు ఆలోచించలేదు. ఈ పాయింటుతో విశ్వేశ్వరం చిక్కుకుపోతాడు."

"పూలు రాలిపోతాయండీ" అన్నాను. "అదుగో, నిన్నటి జీపు మళ్ళీ వచ్చి ఆగింది, ఎంతమంది ఎక్కితే అంతమందిని తీసుకుపోతోంది. రండి, ఎక్కేద్దాం. కారెక్కడికీ పోదు. అది స్థిరాస్తి."

"ఎలా వస్తాను? తనిఖీకి వస్తే యజమాని హాజరుండాలి."

"మీకు నేను కావాలా, ఈ ఇల్లు కావాలా?"

ఆయన నన్నూ, రాస్తున్న కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. నిజంగానే బాధపడ్డారు. ఆ మాట నేను కాదనను.

"జవాబు సగంలో ఉంది సుభా" అన్నారు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి మడత వసారాలోంచి సైకిళ్ళు రెండూ విప్పాను. జీపు కుర్రాళ్ళు వాటిని బస్తాల మీద పడేశారు. హరిణినీ అత్తగారినీ డ్రైవరు పక్కన ఇరికించి, నేను వెనక నిలబడ్డాను. "కోడలా, గట్టిగా పట్టుకో" అని అరిచి, అత్తగారు కిటికీలోంచి కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, పెరుగన్నం మేడ మీదుంది!" అన్నారు. పైడిరాజు వాసం ఎత్తాడు. విశ్వేశ్వరంగారు షెడ్డు గుమ్మంలో నిలబడి మాకు నమస్కారం కూడా పెట్టారు.

వలిసె పూల గురించి చెప్పాలంటే నాకు మాటలు చాలవు. ఆ పసుపు కొండ మీద నుంచి జారి, గెడ్డ నీళ్ళ దాకా వచ్చి, ఆవలి గట్టెక్కి మళ్ళీ పైకి పోతుంది. నేనూ హరిణీ గట్ల మీద సైకిళ్ళు తొక్కాం. ఒక మలుపు దగ్గర ఇద్దరం కలిసి పూలల్లోకి పడ్డాం. మోచేయి గీసుకుపోయినా పిల్ల నవ్వు ఆపలేదు. అత్తగారు గట్టు మీద కూర్చుని, తేనెటీగల్ని కొంగుతో తోలుతూ, "మీ మావగారుంటే ఈ గింజలు నూనె ఆడించేవోరు" అన్నారు. అన్నాళ్ళ కోరిక తీరింది. సంతోషంగా ఉంది. అయినా పది నిమిషాలకోసారి పక్కకి తిరిగి ఎవరికో ఏదో చూపించబోయేదాన్ని. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. కోపం కూడా పూర్తిగా తెచ్చుకోనివ్వని మనిషి.

ఆ రాత్రి జీపు డ్రైవరు వాళ్ళింట్లో పడుకుని, ఆదివారం మధ్యాహ్నానికి అదే జీపులో కిందికి దిగాం. చీకటిలోవ మలుపు తిరిగేసరికి జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్య పసుపుపచ్చగా మరొకటి కనపడింది. అది బుల్డోజరు.

మా ఆయన వాదన గెలిచింది. పైవాళ్ళు ఆయనతో పూర్తిగా ఏకీభవించారు. రోడ్డు మార్జిన్లో ఇల్లుండకూడదు. ఉంటే అది ఆక్రమణ. వెంటనే నేలమట్టం చెయ్యమని విశ్వేశ్వరంగారికి ఫోనొచ్చింది.

"...మేడ, వసారా సహితముగా కూల్చివేయవలెను" అని, కారు తలుపుకి అంటించిన నోటీసు విశ్వేశ్వరంగారు గట్టిగా చదువుతున్నారు. ఆయన జుట్టు రేగిపోయి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మా ఆయన గడ్డం మాసి, బనీను మీద, కారుకి ఆనుకుని నిలబడ్డారు.

"మేడ ఒక్కటే తియ్యి నాయనా" అన్నాను బుల్డోజరు డ్రైవరుతో. "కిందది కారు బాబూ, మా కారు!"

"ఈ సెయ్యికి మేడేదో కారేదో తెలీదమ్మగోరూ" అన్నాడతను నిజాయితీగా. "ఒకటేసారి నొక్కీడమే."

"కూల్చే ముందు నోటీసు గోడకి అంటించాలి" అన్నారు మా ఆయన. "ఇది గోడ కాదు, తలుపు..."

"ఇంటికి తలుపు గోడలో భాగమే" అన్నారు విశ్వేశ్వరంగారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఇదివరకటి ఆనందం లేదు. చెయ్యి ఊపారు. బుల్డోజరు గర్జించి, ఇనప చెయ్యి పైకెత్తి, మా కారు మీదుగా తీసుకొచ్చింది. దాని నీడ కారునంతా కప్పేసింది. హరిణి "నాన్నా!" అని కేక పెట్టింది.

మా ఆయన నోరు తెరిచారు. జవాబు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన ఆ నీడలోకి నడిచి, విశ్వేశ్వరంగారి ముందు నిలబడి, రెండు చేతులూ జోడించారు.

"బాబూ, తప్పయిపోయింది" అన్నారు. "తెలీక పెట్టుకున్నాం. పిల్లని తీసుకుని పూలు చూద్దామని వచ్చాం. వదిలెయ్యండి."

విశ్వేశ్వరంగారు చెయ్యెత్తి బుల్డోజరుని ఆపారు. కలం జేబులో పెట్టుకున్నారు. తరువాత అక్కడున్న రాయి మీద కూలబడిపోయారు.

"ఆ మాటేదో మొన్ననే అనొచ్చు కదండీ!" అన్నారు, మామూలు మనిషి తెలుగులో. "అప్పుడే వాసం ఎత్తించేవాణ్ణి. వచ్చిన ప్రతివాడూ అదే అంటాడు, ప్రతివాణ్ణీ వదిలేస్తాం. మీరొక్కరే అడిగినదానికల్లా జవాబు చెప్పారు. మీరు జవాబులు చెప్తుంటే నేను ప్రశ్నలెక్కణ్ణించి తెచ్చేది? రెండ్రోజులైందండీ అన్నం సయించి!"

మా అత్తగారు స్టవ్వు వెలిగించి అన్నం వండి, ఆయనకి కూడా పెరుగన్నం పెట్టారు.

పైడిరాజు పానా తెచ్చి బోల్టులు విప్పాడు. బాక్సు కిందికి దించగానే మేడ పోయింది. మేడ పోగానే ఇల్లు పోయింది. ఇల్లు పోగానే ఆక్రమణ పోయి, అక్కడొక కారు మిగిలింది. బాక్సు రాములమ్మ తీసుకుంది. కోళ్ళని కప్పెడతానంది. దుప్పట్లు మా కాళ్ళ కింద, స్టవ్వు అత్తగారి ఒళ్ళో సర్దుకున్నాం. సైకిళ్ళు మళ్ళీ వెనక ఎక్కాయి. వాటిని ఎవరూ ఏమీ అడగలేదు. తలుపు మీది నంబరు మాత్రం కిరసనాయిలు పెట్టి రుద్దినా పోలేదు.

కారెక్కి ఆయన స్టీరింగు పట్టుకున్నారు. వెనక్కి తిరిగితే విజయనగరం. రేపు సోమవారం, ఆఫీసుంది. ఆయన ఘాట్ వైపు తిప్పారు. వాసం అప్పటికే పైకి ఎత్తి ఉంది.

"రేపటికి లీవు పెట్టారా?" అన్నాను.

"లేదు."

"మరి కారణం ఏం రాస్తారు?"

ఆయన గేరు మార్చారు.

మేము వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. కొన్ని మళ్ళలో పూలు రాలడం మొదలైంది. అయినా కొండ నిండా పసుపే. హరిణి నా సైకిలు ఆయనకిచ్చి తనది ఎక్కింది. ఇద్దరూ గట్టు మీద కొంత దూరం వెళ్ళారు. ఆయన రెండుసార్లు తూలి కాలు నేల మీద పెట్టారు. తిరిగొచ్చి, సైకిలు పడేసి, నా పక్కన గడ్డిలో చతికిలబడి చూస్తూ ఉండిపోయారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగుంది" అన్నారు.

"అయితే" అంటారనో, "కాకపోతే" అంటారనో, ఆ తరువాతి మాట కోసం నేను అలవాటు కొద్దీ ఎదురుచూశాను. ఇంకేమీ రాలేదు.